కాసేపు వదిలేస్తే లాప్‌టాప్‌లో వైఫై పోతోంది, ఫోన్‌లో బానే ఉంది

అన్నలూ కొంచెం చెప్పండి. విండోస్ 11 లాప్‌టాప్, ఇంటి నుంచే పని, టీ పెట్టుకుని వచ్చేలోపు స్క్రీన్ ఆరిపోయి ఉంటోంది, మళ్ళీ లాగిన్ అయ్యేసరికి వైఫై లేదు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సురక్షిత లింకు) తెగిపోయింది, ఇక పాస్‌వర్డూ ఓటీపీ అన్నీ మొదట్నుంచి. అదే గదిలో ఫోన్‌కి నెట్ ఫుల్లు. రౌటర్ మార్చెయ్యాలా?

మిర్చిబజ్జి: రౌటర్ జోలికి పోకు బ్రో, డబ్బులు దండగ. డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో నీ వైఫై కార్డు మీద డబుల్ క్లిక్ కొట్టు, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో మొదటి టిక్ తీసెయ్. కరెంటు మిగల్చడానికి ఆ కార్డుని ఆపేసుకోవచ్చని సిస్టమ్‌కి పర్మిషన్ ఇచ్చే టిక్ అది.

ప్రశ్న వేసినవాడు: అసలా ట్యాబే లేదన్నా! అడ్వాన్స్‌డ్, డ్రైవర్ ఇవే ఉన్నాయి. ఇంకోటి, ఛార్జర్ పెట్టి ఉంటే వైఫై పోవట్లేదు, బ్యాటరీ మీదే ఈ గోల.

పాతకేబుల్: ట్యాబ్ లేదంటే చాలావరకు మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా తేలిగ్గా నిద్రపోయి వెంటనే లేచే పద్ధతి) ఉన్న మెషిన్ అయ్యుంటుంది, వాటిల్లో అది కనపడదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ ఏ కొట్టి చూడు, ఎస్‌జీరో (ఆ నిద్రకే ఇంకో పేరు) లైన్ చివర నెట్‌వర్క్ డిస్‌కనెక్టెడ్ అని ఉందంటే నిద్రలోకి పోగానే నెట్ వదిలేస్తుందన్నమాట. నీది బ్యాటరీ మీదే కాబట్టి సెట్టింగ్స్‌లో పవర్ అండ్ బ్యాటరీకి పోయి స్లీప్ టైమ్ చూడు, బ్యాటరీకి వేరే ఛార్జర్‌కి వేరే ఉంటాయి, జనం ఒకటే మార్చి రెండూ మారాయనుకుంటారు.

మిర్చిబజ్జి: అవును అది కరెక్టే. మెలకువగా ఉన్నప్పుడు కూడా నెట్ నత్తలా అయిపోతుంటే మాత్రం అది వేరే సంగతి, కార్డు మధ్యమధ్యలో కునుకేస్తుంది, ఆ టైములో వచ్చిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) రౌటర్ దగ్గరే ఆగుతాయి, రౌటర్ నుంచి సెకనుకి సుమారు పదిసార్లు వచ్చే బీకన్ అనే చిన్న సిగ్నల్ విని లేచి తీసుకుంటుంది. కొన్ని రౌటర్లకీ కొన్ని కార్డులకీ ఇక్కడే పడదు. రౌటర్‌కి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) పెడితే రెండు మూడు మిల్లీసెకన్లు ఉండాల్సింది వందల్లోకి ఎగురుతుంది.

లైనక్స్‌బావ: ఉబుంటు వాళ్ళెవరైనా చదువుతుంటే, నెట్‌వర్క్‌మేనేజర్‌లో (నెట్ కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) వైఫై పవర్‌సేవ్ విలువ 2 పెట్టండి, అంటే ఆఫ్, 3 అంటే ఆన్. విండోస్‌లో యూఎస్‌బీకి గుచ్చే వైఫై డాంగిల్ అయితే సెలెక్టివ్ సస్పెండ్ (వాడనప్పుడు యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే సెట్టింగ్) కూడా ఆపాలి.

పాతకేబుల్: ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ళు ఇవన్నీ లాక్ చేసి ఉంటారు, పైగా వీపీఎన్‌కి సొంతంగా ఐడిల్ టైమౌట్ (కాసేపు వాడకపోతే తనే తెంచేసుకోవడం) కూడా ఉండొచ్చు. అందుకే ముందు కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ కొట్టు, గత 3 రోజుల్లో ఎప్పుడు తెగిందో ఎందుకు తెగిందో పేజీ వస్తుంది, ఐటీకి టికెట్ వేసేటప్పుడు అది జత చెయ్, రౌటర్ రీస్టార్ట్ చెయ్యమని తిప్పి పంపరు.