అప్పుడప్పుడూ మణికట్టు నొప్పి, డాక్టరు దాకా పోవాలా?

చంద్రగిరి_కోడలు
అందరికీ నమస్కారం. నాకు 34. ఇంట్లో రెండు ఆవులు, రెండు పూటలా నేనే పిండుతాను. మధ్యలో మా ఆయన జిరాక్స్ షాపులో టైపింగు. రెండు నెలలుగా కుడి మణికట్టు నొప్పి వచ్చి పోతా ఉంది. వారం రోజులు ఏమీ ఉండదు. ఉన్నట్టుండి సంకటి గెలికేటప్పుడు బొటనవేలి మొదట్లో చురుక్కుమంటుంది. నిన్న ఊరగాయ సీసా మూత తిప్పలేక వదిలేశాను. అమృతాంజనం రాస్తే ఆ పూటకి సరి. అత్త వాతం అంటుంది.

నడివీధి_బుల్లెట్
నాది నొప్పి కూడా కాదక్కా, తిమ్మిరి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, చెయ్యి విదిలిస్తే తగ్గేది. చిటికెనవేలికి మాత్రం ఏమీ లేదు, మిగతా వేళ్లే మొద్దుబారేవి. మణికట్టులో నరం నలుగుతోంది, కార్పల్ టన్నెల్ అన్నారు. షుగరు, థైరాయిడ్ కూడా చూపించుకోమన్నారు. చెయ్యి కోసం పోతే షుగరు బయటపడింది! ఇప్పుడు రాత్రిపూట పట్టీ వేసుకుని పడుకుంటున్నా.

పాకాల_ఫిజియో
అమ్మా, వాతం అని వదిలేయొద్దు. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించండి. ఇప్పుడు చేతిని మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. బొటనవేలి వైపు పోటు పెట్టిందంటే డీ క్వెర్వెయిన్ అని అనుమానించాలి. బొటనవేలిని కదిపే రెండు తాళ్లు (కండరాన్ని ఎముకకి కలిపేవి, నరాలు కాదు) మణికట్టు దగ్గర సన్నటి తొడుగులోంచి పోతాయి. ఒకే పని పదేపదే చేస్తే ఆ తొడుగు మందమై తాళ్లు ఒరుసుకుంటాయి. చంటిపిల్లల్ని చంకల కింద పట్టి ఎత్తే తల్లులకీ ఇదే వస్తుంది. పిడికిలి పరీక్ష ఒక్కదానితో తేల్చుకోకండి, డాక్టరు చూసి చెప్పాలి.

అలిపిరి_మెట్లు
నా కథ వినండి. వానలో కాలినడకన దిగుతూ జారి, అరచెయ్యి ఆనించి పడ్డాను. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణికింది అన్నారు. వాపు తగ్గింది కానీ, బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో గుంట పడుతుంది చూడండి, అక్కడ నొక్కితే ప్రాణం పోయేది. రెండు వారాలకి మళ్లీ తీస్తే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకలో పగులు. మొదటి ఎక్స్‌రేలో అది కనబడకపోవడం మామూలేనట. దానికి రక్తం అందేది తక్కువ, ఆలస్యం చేస్తే అతుక్కోకపోవచ్చట.

కొర్లగుంట_కుర్రాడు
పుత్తూరు కట్టు వేయించుంటే పోయేది కదన్నా?

అలిపిరి_మెట్లు
మా నాన్నా అదే అన్నాడు తమ్ముడూ. ముందు ఏ ఎముకో తెలియాలి కదా. కట్టు మీద నాకు గొడవ లేదు.

గాజులమండ్యం_అమ్మాయి
మా అమ్మకి రెండు మణికట్లూ. పొద్దున లేచాక గంట దాకా వేళ్లు ముడుచుకోవు, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. కీళ్లవాతం అని తేలింది. అది మాత్రం నిజంగానే వాతం!

పాకాల_ఫిజియో
అందుకే చెప్పేది. పడ్డాక నొప్పి, చెయ్యి వంకర, ఎర్రగా వేడిగా వాచి జ్వరం, వేళ్లు చల్లబడి తెల్లబడటం: వీటిలో ఏది ఉన్నా ఆ రోజే పోవాలి. తిమ్మిరి రోజూ వస్తున్నా, పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా వాయిదా వేయకండి. ఇవేవీ లేకుండా వచ్చిపోయే నొప్పికి రెండు వారాలు ఆ పని తగ్గించి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి చూడొచ్చు. తగ్గకపోతే తిరుపతిలో బర్డ్, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఎక్కడైనా ఎముకల డాక్టరుకి చూపించండి. గ్యాస్ట్రిక్, కిడ్నీ, బీపీ ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు.

చంద్రగిరి_కోడలు
మూడు వారాలైంది, ఏమైందో చెబుదామని వచ్చాను. పిడికిలి పరీక్షకి కేక పెట్టాను. డాక్టరు కూడా డీ క్వెర్వెయిన్ అనే చెప్పి, బొటనవేలు కదలకుండా పట్టీ ఇచ్చారు. ఇంజెక్షన్ మాట తర్వాత చూద్దామన్నారు. చురుకు సగం తగ్గింది. పాలు ఇప్పుడు అత్తే పిండుతోంది. నల్లావు మాత్రం అలిగి పూటకి అర లీటరు తక్కువిస్తోంది.