మా తమ్ముడికి 18 నిండాయి, బడి అయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కర్నూలు అక్క:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు, సి.క్యాంపు దగ్గర. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, పుట్టుకతోనే మేధో వైకల్యం. పోయిన నెల 18 నిండాయి. ఎనిమిదేళ్లుగా వెళ్తున్న స్పెషల్ స్కూలు వాళ్లు ఇక చాలన్నారు. ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఒక్కరూ చెప్పలేదు.

వాడు ఇప్పటికీ ఆరింటికి లేచి స్నానం చేసి, బ్యాగు తగిలించుకుని గడప మీద కూర్చుంటాడు, స్కూలు ఆటో కోసం. తొమ్మిదిన్నరకు అమ్మ ఆ బ్యాగు తీసి లోపల పెడుతుంది. రోజూ ఇదే. చూడలేకపోతున్నాను.

వాడికి వచ్చిన పనులు చెప్తాను. బట్టలు నాకన్నా బాగా మడతపెడతాడు. రైతుబజారు నుంచి తెచ్చిన ఎర్రగడ్డల్లో చిన్నవి, పెద్దవి వేరుచేసి, కుళ్లినవి ఏరేస్తాడు. వీధి చివర కొట్టుకు పోయి పాల ప్యాకెట్ తెస్తాడు. డబ్బు లెక్క రాదు, పది నోటు ఒక్కటే తెలుసు. మాట మాకు అర్థమవుతుంది, బయటివాళ్లకు కష్టం.

నాన్న "నెలకు 6,000 పింఛను వస్తోంది కదా, వాణ్ణి నలుగురిలోకి పంపి నవ్వించుకోవడం ఎందుకు" అంటారు. నాన్నకు ప్రేమ లేక కాదు, భయం. దానికి తోడు బ్యాంకులో 18 దాటాక గార్డియన్ కాగితం తెస్తేనే ఖాతా అన్నారు. ఇలాంటి పిల్లల్ని పనిలో పెట్టినవాళ్లు ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి.

అనంతపురం అమ్మ:
అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మా పాపకు 24. మేధో వైకల్యం. మూడేళ్లుగా బుడ్డల ఉండలు, చిక్కీలు చేసే చోట ప్యాకింగ్ చేస్తోంది.

మొదట నేను తప్పు చేశాను. ఆడపిల్ల కదా, కుట్టుపని నేర్పించమని అందరూ అంటే ఆరు నెలలు కుట్టు సెంటర్‌కు తిప్పాను. సూదంటే దానికి భయం. రోజూ ఏడుపు. నీకేం ఇష్టమే అని నేను ఒక్కరోజు కూడా అడగలేదు. ఇంట్లో గ్లాసులు వరసగా పేర్చడం, డబ్బాల మూతలు సరిచూడడం దానికి ప్రాణం. అది రోజూ నా కళ్లముందే ఉన్నా పట్టలేదు.

తెలిసినాయన చిక్కీల షెడ్డులో రెండు గంటలకు ఒప్పుకున్నాడు. ప్యాకెట్‌కు పన్నెండు ఉండలు. మా పాపకు ఐదు దాటితే లెక్క తప్పుతుంది. కోడిగుడ్ల అట్ట ట్రే కత్తిరించి పన్నెండు గుంతలు ఉంచాను. గుంతకొక ఉండ. నిండితే కవర్లో పోయాలి, అంతే. మొదటి రెండు వారాలు నేను పక్కనే కూర్చుని అన్నీ చేసి, చివరి పని, అంటే కవరు అంటించడం మాత్రం దానికి వదిలేదాన్ని. పూర్తయిన ప్యాకెట్ తన చేతిలోంచే బుట్టలో పడేది. ఆ తర్వాత దానికి ముందు పని, ఆపైన ఇంకా ముందుది, అలా వెనక నుంచి ముందుకు వచ్చాం. నెలన్నరకు నేను గేటు బయట కూర్చున్నాను.

బస్సు మాత్రం చాలా కష్టమైంది. వారం పక్కసీట్లో, వారం వెనక సీట్లో, ఆ తర్వాత వాళ్ల నాన్న స్కూటర్ మీద బస్సు వెనకాల. ఒంటరిగా పంపిన నాలుగో రోజే వేరే స్టాపులో దిగేసింది. మెడలోని కార్డు మీద నంబరు చూసి పూలమ్మే ఆమె ఫోన్ చేసింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఇంటికొచ్చాక ఇంకోసారి బస్సు ఎక్కించనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ మరుసటి రోజు అదే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. పంపాను.

మొదట నెలకు 1,500 ఇచ్చారు, ఇప్పుడు 4,000. ఎంతైనా సరే, డబ్బు మాత్రం దాని చేతికే ఇవ్వమన్నాను. మొదటి జీతంతో వాళ్ల అవ్వకు గాజులు కొనింది.

మీవాడు ఎర్రగడ్డలు ఏరుతాడన్నావు కదా. అది పనే తల్లీ. కూరగాయల కొట్టు, హోటలు ఎక్కడైనా పనికొస్తుంది. బట్టల మడతకు ఇస్త్రీ బండి ఉంది. ట్రైనింగ్ సెంటర్ కోసం ఆగొద్దు, మీ వీధిలోనే అడుగు.

కడప స్పెషల్ టీచర్:
18 దగ్గర బడి ఆగిపోవడానికి కారణం ఉందమ్మా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉచిత విద్య 6 నుంచి 18 ఏళ్ల వరకే. అందుకే 14, 15 ఏళ్లకే పని అలవాట్లు మొదలుపెట్టాలని నేను ప్రతి తల్లిదండ్రులతో పోట్లాడతాను. పద్యాలు బట్టీ పట్టించే సమయంలో సగం అంగడికి పోయి రావడానికి పెట్టినా చాలు. మీ ఇంట్లో ఆ పాల ప్యాకెట్ పని నేర్పినవాళ్లకు దండం.

గార్డియన్ విషయం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 దాటాక సంరక్షకుణ్ణి నియమిస్తారు. జిల్లా స్థానిక కమిటీలో కలెక్టర్ ఉంటారు, దరఖాస్తు అక్కడికే. కానీ తొందరపడి సంతకం హక్కంతా తీసేయొద్దు. సొంత డబ్బు, ఆస్తి వ్యవహారాలు చూసుకునే హక్కు వాళ్లకూ అందరితో సమానమని 2016 చట్టమే చెప్తోంది. ముందు బ్యాంకు మేనేజర్‌ను కలిసి, మీ తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి. అదే ట్రస్ట్ కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష వరకు. యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు లేకపోతే వెంటనే చేయించండి. వాడికి ఏ పని నప్పుతుందో పరీక్షించి చెప్పేవాళ్లు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది.

పనిలో చేరే ముందు పింఛను సంగతి మీ వార్డు సచివాలయంలో అడిగి పెట్టుకోండి. ఇంకొకటి, 18 నిండిన మనిషిని "పిల్లోడు" అని పరిచయం చేయొద్దు. యజమాని కూడా అలాగే చూస్తాడు.

కొట్టాయన:
మాది కర్నూల్లోనే కిరాణా. అడిగే పద్ధతి చెప్తానమ్మా. "మావాడికి ఏదైనా పని ఇవ్వండన్నా" అంటే మాకు జాలి వస్తుంది, పని తోచదు. "రోజూ రెండు గంటలు, ఎర్రగడ్డలు ఏరి సంచుల్లో పోస్తాడు, నెలరోజులు చూడండి" అంటే లెక్క తెలుస్తుంది. గిరాకీ టైములో అడగొద్దు, మధ్యాహ్నం మూడింటికి పో. దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసివ్వు. మా భయం అదే.

కర్నూలు అక్క:
అందరికీ చేతులెత్తి దండం. కొట్టాయన చెప్పినట్టే నిన్న మూడింటికి మా వీధిలో ఉగ్గాని, బజ్జి హోటలుకు తమ్ముణ్ణి తీసుకుపోయి అడిగాను. సోమవారం నుంచి ఏడింటికి రమ్మన్నారు, రెండు గంటలు. ఎర్రగడ్డలు ఏరడం, బజ్జి మిరపకాయలు కడిగి తుడవడం. నెల చూసి జీతం మాట్లాడదాం అన్నారు. నాన్న ఏమీ అనలేదు కానీ రాత్రి "మొదటి వారం నేను పోతాలే" అన్నారు.

మిరపకాయలు ముట్టుకుని కళ్లు రుద్దుకుంటాడేమోనని ఒక్కటే టెన్షన్. అనంతపురం అమ్మా, ప్యాకింగ్‌లో మీ పాప గ్లౌజులు వేసుకుంటుంటే, ఎలా అలవాటు చేశారు? వీడు చేతికి ఏది వేసినా పీకేస్తాడు.