ప్రైమర్ ఎంత లోతుకు దిగాలి? 600 గజాల్లో నిలువు చెదురు దీనివల్లేనా?

ప్రశ్న:
.308 రైఫిల్ తూటాలు నేనే నింపుకుంటున్నాను. ఇత్తడి కేసులు, వాటి అడుగున లార్జ్ రైఫిల్ ప్రైమర్లు (పిన్ దెబ్బకి పేలి పౌడర్‌ని అంటించే చిన్న కప్పులు). ప్రెస్‌కి (తూటాలు నింపే లివర్ యంత్రం) ఉన్న ప్రైమింగ్ ఆర్మ్‌తోనే దించుతున్నాను. పౌడర్ ప్రతి కేసుకీ తూచే పోస్తున్నా, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో బుల్లెట్ వేగం షాట్ షాట్‌కీ మారిపోతోంది. 100 గజాల్లో గ్రూప్ (గుళ్లు పడ్డ గుంపు) బాగానే ఉంది, 600కి వెళ్తే నిలువుగా సాగుతోంది. ఇరవైలో ఒకటి మొదటి దెబ్బకి పేలట్లేదు, మళ్లీ కొడితే పేలుతోంది. తప్పు ప్రైమర్ దించడంలోనేనా?

జవాబు 1:
రెండో దెబ్బకి పేలుతోందంటే ముందు అనుమానించాల్సింది అదేనండీ. కప్పులోని యాన్విల్ (పేలుడు మందు నలగడానికి ఆసరా ఇచ్చే చిన్న లోహపు ముక్క) కాళ్లు పాకెట్ (కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) అడుగున ఆనాలి. ఆనకపోతే ఫైరింగ్ పిన్ మొదటి దెబ్బ బలమంతా ప్రైమర్‌ని లోపలికి తొయ్యడానికే ఖర్చవుతుంది. పేలినవాటిలో కూడా కొన్ని అరకొరగా అంటుకుంటాయి, వేగం తేడాలు అక్కణ్ణుంచే వస్తాయి.

కేసు అడుగు అంచుకన్నా 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉంటే సాధారణంగా సరిపోతుంది. అయితే ఆ అంకె ఒక్కటే పట్టుకోకండి. లార్జ్ రైఫిల్ పాకెట్ లోతు 0.125 నుంచి 0.132 దాకా ఉండొచ్చు. రెండు కేసుల్లో ప్రైమర్ ఒకే లోతులో కనిపించినా, ఒకదాంట్లో యాన్విల్ గట్టిగా నొక్కుకుని ఉంటుంది, ఇంకోదాంట్లో గాల్లో ఉంటుంది. అందుకే హ్యాండ్ ప్రైమర్ (ప్రైమర్‌ని చేత్తో నొక్కి దించే పరికరం) మేలు. కాళ్లు అడుగుకి తగలడం వేళ్లకి తెలుస్తుంది, అక్కణ్ణుంచి ఇంకో 0.002–0.004 నొక్కి ఆపెయ్యండి. ప్రెస్ ఆర్మ్ లివర్ బలంలో ఆ స్పర్శ చాలావరకు పోతుంది.

జవాబు 2:
పాకెట్ చూశారా? మూలల్లో మసి గట్టిపడితే ప్రైమర్ ఎత్తుగా ఆగిపోతుంది. మిలిటరీ కేసులైతే క్రింప్‌ని (ప్రైమర్ కదలకుండా లోపలికి నొక్కిన పాకెట్ అంచు) స్వేజ్‌తో నొక్కో రీమర్‌తో చెక్కో తీసెయ్యాలి, లేకపోతే అంచు దగ్గరే కప్పు నలుగుతుంది. పాకెట్ అడుగుని చెక్కే యూనిఫార్మర్ ఒక్కసారి తిప్పితే పాకెట్లన్నీ ఒకే లోతుకొస్తాయి.

తనిఖీ సులువే: కేసుని అద్దం పలక మీద నిలబెట్టండి. ఊగిందంటే ప్రైమర్ పైకి ఉంది. ఊగకపోయినా సరైన లోతుందని కాదు, దానికి కాలిపర్ డెప్త్ రాడ్‌తో ఓ పది కేసులు కొలవాలి.

జవాబు 3:
నిలువు చెదురంతా ప్రైమర్ నెత్తిన రుద్దకండి. సైజింగ్‌లో (కేసుని డైలో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చేటప్పుడు) షోల్డర్‌ని, అంటే కేసు మెడ కింది వాలుని, మరీ వెనక్కి నెడితే పిన్ కొట్టినప్పుడు కేసే ముందుకి జరుగుతుంది, అప్పుడూ మొదటి దెబ్బ వృథానే. బోల్ట్‌లో గ్రీజు చిక్కబడినా, స్ప్రింగ్ నీరసించినా అంతే. ముందు పది కేసులకి పాకెట్ శుభ్రం చేసి, హ్యాండ్ ప్రైమర్‌తో దించి, తక్కినవేవీ మార్చకుండా కాల్చి చూడండి. వేగాలు దగ్గరికొస్తే దొంగ దొరికినట్టే.

ఇంకోటి. పౌడర్, బుల్లెట్ ఎక్కించాక ప్రైమర్ ఎత్తుగా కనిపిస్తే దాన్ని మళ్లీ నొక్కకండి. ముందు బుల్లెట్ లాగి పౌడర్ తీసెయ్యండి, ఆ తర్వాతే దాని సంగతి. ఖాళీ కేసులో దించేటప్పుడైనా కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. ఎం1 గారండ్, ఎస్‌కేఎస్ లాంటి సెమీఆటోల్లో ఫైరింగ్ పిన్ వదులుగా ఉంటుంది. వాటిలో ఎత్తు ప్రైమర్ ఉంటే బోల్ట్ మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అలాగని బాగా గట్టిగా నొక్కేస్తే?

జవాబు 1:
లోపలి పేలుడు గుళిక చిట్లుతుంది. అప్పుడు ఒక్కో ప్రైమర్ ఒక్కోలా మండుతుంది, మళ్లీ వేగాలు చెల్లాచెదురే. కప్పు ముఖం చదునై ఉపకరణం ముద్ర పడిందంటే మోతాదు దాటినట్టు.