పాత వాల్రస్ దంతం బ్రేస్‌లెట్: పెట్టుకోవచ్చా, తప్పా?

సముద్రపుగాలి: సియాటిల్‌లో ఒక పాత సామాన్ల షాపులో ఇన్యుపియాక్ వాళ్లు (అలాస్కా మూలవాసుల్లో ఒక తెగ) చెక్కిందంటూ ఒక బ్రేస్‌లెట్ అమ్మితే కొన్నాను. వాల్రస్ (ఉత్తర ధ్రువపు సముద్రాల్లో ఉండే, సీల్ లాంటి పెద్ద కోరల జంతువు) దంతపు పలకలు, ఒక్కోదాని మీద ఒక్కో జంతువు: ధ్రువపు ఎలుగుబంటి, సీల్, తిమింగలం, కోరలతో వాల్రస్ తల. పలకలన్నిటినీ రెండు వరసల ఎలాస్టిక్ దారంతో గుచ్చారు. మా అమ్మాయి చూసి "దంతమా? నేను ముట్టుకోను" అంది. షాపాయనేమో "పాతది కాబట్టి పర్లేదు, కొత్తవి కొంటేనే పాపం" అన్నాడు. ఎవరి మాట నిజం? సంక్రాంతికి హైదరాబాద్ వస్తూ మా అక్కకి తెద్దామనుకుంటున్నా.

నల్లమల: మీ అమ్మాయి మాటే నా మాట. ఏ దంతానికి తలుపు తీసినా వెనకాలే ఏనుగు దంతం దూరుతుంది. మన దేశంలో 1986లో ఏనుగు దంతం వ్యాపారం ఆపారు, 1991లో ఆఫ్రికా దంతాన్నీ ఆపారు. ఒకప్పుడు విశాఖపట్నంలో దంతం తాపడం చేసిన పెట్టెలు దొరలకు తయారు చేసి అమ్మేవాళ్లు. ఇప్పుడు ఆ పెట్టెలు మ్యూజియాల్లో ఉన్నాయి. అక్కడే ఉండనివ్వండి.

ఉత్తరాన రమ: అలాస్కాలో ఉంటున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను నల్లమల గారూ, ఇది ఏనుగు కథ కాదు. ఏనుగుని దంతం కోసం చంపుతారు. ఇక్కడ తీరప్రాంతపు ఊళ్లలో వాల్రస్‌ని తిండి కోసం వేటాడతారు. మాంసం తింటారు, తోలు పడవలకు కప్పుతారు, కోరలు చెక్కుతారు. 1972 నాటి అమెరికా సముద్ర క్షీరదాల చట్టం ఈ వేటకి అలాస్కా మూలవాసులకే మినహాయింపు ఇచ్చింది, అదీ వృథా చేయకూడదన్న షరతుతో. పచ్చి కోర బయటివాళ్లకి అమ్మకూడదు. చెక్కి వస్తువుగా చేస్తే ఎవరికైనా అమ్మొచ్చు. వేటాడిన 30 రోజుల్లోపు కోరలకి ట్యాగ్ వేయించాలి.

ఇక షాపాయన మాట. నా లెక్కలో అది పూర్తిగా తిరగబడ్డ మాట. మీరిచ్చిన డబ్బులో చెక్కినవాళ్లకి ఒక్క పైసా వెళ్లదు, అంతా షాపుకే. అదే ఇక్కడి నోమ్, షిష్మరెఫ్ లాంటి ఊళ్లలో ఇవాళ చెక్కుతున్న మనిషి దగ్గర కొంటే ఆ ఇంట్లో చలికాలం ఇల్లు వెచ్చబరిచే నూనె ఖర్చుకి పనికొస్తుంది. పాతదైతే మంచిది, కొత్తదైతే చెడ్డది అన్న సూత్రం ఏనుగు దంతానికి సరిపోతుందేమో, దీనికి మాత్రం కాదు.

నల్లమల: అంతా చట్టం ప్రకారమే జరుగుతుందని నమ్మకమేంటి? పైగా ఆర్కిటిక్‌లో మంచు కరిగిపోతోంది, వాల్రస్‌లు విశ్రాంతి తీసుకునేది ఆ మంచు మీదే.

ఉత్తరాన రమ: మంచు సంగతి నిజమే, అందులో వాదన లేదు. కానీ ఆ మంచు కరిగిస్తున్నది చెక్కేవాళ్లు కాదు కదా. పసిఫిక్ వాల్రస్‌ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చక్కర్లేదని 2017లో అమెరికా ప్రభుత్వమే తేల్చింది. ఆ నిర్ణయం మీద నాకూ అనుమానాలున్నాయి. అయినా ఏనుగుల కోసం తెచ్చిన నిషేధాల దెబ్బ వీళ్ల మీద పడటం అన్యాయం. 2016 నుంచి కాలిఫోర్నియాలో అమల్లో ఉన్న చట్టం చూడండి, దంతం నిర్వచనంలో వాల్రస్‌నీ, ఎప్పుడో అంతరించిన మామత్ అనే ఏనుగు జాతినీ కూడా కలిపేసింది. మినహాయింపులున్నా అవి చదివే ఓపిక కొనేవాడికి ఎక్కడిది? దంతం అన్న మాట వినగానే టెన్షన్ పడి పక్కకి తప్పుకుంటాడు.

గవ్వలరాజు: అసలు అది వాల్రస్ దంతమేనా అని ముందు చూడండి సార్. పలక అంచుని భూతద్దం కింద పెట్టండి. వాల్రస్ కోర లోపలి భాగం ఉడికిన సగ్గుబియ్యం ముద్దలా మచ్చమచ్చలుగా కనిపిస్తుంది. ఏనుగు దంతం అడ్డకోతలో అయితే ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి. రెండూ లేకుండా నున్నగా ఉంటే ప్లాస్టిక్ కావచ్చు. కాల్చిన సూది పెట్టి చూడమనే సలహాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఆ పని మాత్రం చేయకండి, మంచి వస్తువు పాడవుతుంది. జంతువు కళ్లలో నల్ల చుక్క సిరానా, విడిగా పొదిగిన బలీన్ (తిమింగలం నోట్లో జల్లెడలా ఉండే గట్టి పలక) ముక్కా అన్నదీ చూడండి.

ఇన్యుపియాక్ అన్న లేబుల్ కూడా నమ్మలేం. అలాస్కాలోనే సెయింట్ లారెన్స్ దీవిలో ఉండే యూపిక్ అనే మరో తెగవాళ్లూ బోలెడు దంతపు నగలు చెక్కారు. వెనక పేరు లేకపోతే ఎవరిదో చెప్పడం కష్టం.

సముద్రపుగాలి: వెనక ఏ పేరూ లేదు. లోపల మచ్చలు మాత్రం ఉన్నాయి. అయితే ఇది వాళ్ల పూర్వీకుల పవిత్ర వస్తువేమీ కాదంటారా?

గవ్వలరాజు: కాదు. పాతకాలంలో దంతంతో హార్పూన్ (వేట ఈటె) భాగాలు, గుండీలు, డ్రిల్లు తిప్పడానికి వాడే, వేట బొమ్మలు గీసిన విల్లులాంటి కర్రలు చేసుకునేవాళ్లు. 1899లో నోమ్‌లో బంగారం వేట మొదలయ్యాక బయటి జనం కోసం చెక్కడం బాగా పెరిగింది. హ్యాపీ జాక్ అని పేరుపడ్డ అంగోక్‌వాజుక్ అలాంటి పనిలోనే ప్రసిద్ధుడు, 1918 ఫ్లూలో పోయాడు. మీ బ్రేస్‌లెట్ కూడా అమ్మకానికి చేసిందే. కాబట్టి పెట్టుకోవడంలో తప్పేం లేదు.

ఉత్తరాన రమ: ఇంకోటి కొనాలనిపిస్తే సిల్వర్ హ్యాండ్ గుర్తు చూసి కొనండి. అలాస్కా ప్రభుత్వ కళామండలి మూలవాసీ కళాకారులకే ఇచ్చే గుర్తు అది. హైదరాబాద్ తెచ్చే ఆలోచన మాత్రం మానుకోండి. అడవి జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మూడో జాబితాలో వాల్రస్ ఉంది. కాగితాలు లేకుండా శంషాబాద్‌లో దిగితే అది ఏ జంతువు దంతమో కస్టమ్స్ వాళ్లకి మీరే నిరూపించుకోవాలి. అక్కకి ముత్యాలు కొనివ్వండి, అవి అక్కడే దొరుకుతాయి.

నల్లమల: ఈ ఒక్క విషయంలో రమగారితో ఏకీభవిస్తున్నా. మిగతాది రేపు మాట్లాడతా.