ప్రాప్‌ల ప్రచారానికి డబ్బు ఎవరు పెడుతున్నారో మీరు ఎలా తెలుసుకుంటున్నారు?

శాంతి_ఫ్రీమాంట్
అందరికీ నమస్తే. సిటిజన్‌షిప్ వచ్చాక కాలిఫోర్నియాలో ఓటు వేయడం ఇదే మొదలు. మనుషులకు వేసే ఓటుతో ఇబ్బంది లేదు, ఈ ప్రాప్‌లతోనే (ఓటర్లే నేరుగా అవును, కాదు అని తేల్చే ప్రతిపాదనలు) టెన్షన్. రోజూ పోస్టులో రంగురంగుల కార్డులు వస్తున్నాయి, ఒకే ప్రాప్‌కి ఒకటి అవునని వేయమంటుంది, ఇంకోటి వద్దంటుంది, రెండింటి మీదా నర్సులు, టీచర్ల ఫొటోలే. కమిటీల పేర్లు చూస్తే అన్నీ మంచిగానే ఉన్నాయి. వీటి వెనక డబ్బు ఎవరిదో చూసి ఓటు వేసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎక్కడ చూడాలి, ఎంతవరకు నమ్మొచ్చు?

ఓక్‌ట్రీ
శాంతి గారూ, ముందు కార్డులో కమిటీ పేరు వదిలేసి దాని పక్కనున్న చిన్న డబ్బా చదవండి. 2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన డిస్‌క్లోజ్ చట్టం 2018 జనవరి నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం 50 వేల డాలర్లు, అంతకు మించి ఇచ్చినవాళ్లలో మొదటి ముగ్గురి పేర్లు ప్రకటన మీదే కనబడేలా వేయాలి. 2022లో ప్రాప్ 27 వచ్చింది, ఆన్‌లైన్ బెట్టింగ్‌కి అనుమతి ఇవ్వాలని. కమిటీ పేరులో ఏముందంటే నిలువనీడ లేనివాళ్ల సమస్యకు, మానసిక ఆరోగ్యానికి పరిష్కారం అని. డబ్బా చూస్తే ఫ్యాన్‌డ్యూయెల్, డ్రాఫ్ట్‌కింగ్స్, బెట్‌ఎమ్‌జీఎమ్, అన్నీ బెట్టింగ్ కంపెనీలే. వద్దన్న వైపు కూడా కాసినోలు నడిపే ఆదివాసీ తెగలు కోట్లు పెట్టాయి, వాళ్ల పేర్లూ వాళ్ల ప్రకటనల మీద ఉన్నాయి. అప్పుడు బెట్టింగ్ గురించే వచ్చిన ప్రాప్ 26, ఈ 27 రెండింటి మీదా కలిపి 40 కోట్ల డాలర్లకు పైనే ఖర్చయింది, రెండూ ఓడిపోయాయి.

ఇంకా లోతుగా చూడాలంటే ఎఫ్‌పీపీసీ వెబ్‌సైట్, ప్రచారాల డబ్బు లెక్కలు చూసే కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ అది. పది లక్షల డాలర్లు దాటి వసూలు చేసిన ప్రతి కమిటీకీ మొదటి పది మంది దాతల జాబితా అక్కడ ఉంటుంది. ఎన్నికకు ముందు 90 రోజుల్లో వెయ్యి డాలర్లు, ఆపైన ఏది వచ్చినా 24 గంటల్లో చెప్పాలి కాబట్టి చివరి వారంలో ఇంకోసారి చూడండి, పెద్ద చెక్కులు చాలాసార్లు అప్పుడే పడతాయి.

బోతెల్ అక్క
మూడు పేర్లు కనబడగానే నిశ్చింతగా ఉండకండమ్మా, అది చెప్పడానికే రాస్తున్నా. మా వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రకటన మీద ఐదుగురు పెద్ద దాతల పేర్లు వేయాలని ఎప్పటినుంచో రూలు ఉంది. 2013లో ఐ-522 అని మీ ప్రాప్ లాంటిదే ఓటుకు వచ్చింది, జన్యుమార్పిడి పదార్థాలు ఉన్న ఆహారం మీద లేబుల్ వేయాలని. దాన్ని వ్యతిరేకించిన వైపు ఆహార కంపెనీల సంఘం గ్రోసరీ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ పెట్టిన డబ్బు దాదాపు కోటీ పది లక్షల డాలర్లు. పేపర్ మీద ఆ సంఘం పేరే. సంఘం లోపల విడిగా ఒక ఖాతా తెరిచి పెప్సీ, కోక్, నెస్లే లాంటి కంపెనీల దగ్గర తీసుకున్న డబ్బది, కంపెనీ పేరు బయటికి వస్తే కొనేవాళ్లకు కోపం వస్తుందని సంఘం పేరుతో ఇచ్చారు. రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశాక ఎన్నికకు కొద్ది రోజుల ముందు పేర్లు చెప్పారు. ఐ-522 చాలా కొద్ది తేడాతో ఓడిపోయింది. తర్వాత 2016లో ఆ సంఘానికి కోటీ 80 లక్షల డాలర్ల జరిమానా పడింది, వాళ్లు అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అది నిలబడింది. కానీ ఫలితం మారదు కదా! జరిమానా కట్టి ఊరుకుంటారు, ఓటు అయిపోయింది.

ఓక్‌ట్రీ
అక్కా, మా దగ్గర 2012లో ఇంతకంటే ఘోరం జరిగింది. పన్నులు పెంచే ప్రాప్ 30 ఓడించడానికి, యూనియన్ల రాజకీయ ఖర్చుకు కళ్లెం వేసే ప్రాప్ 32 గెలిపించడానికి అరిజోనా నుంచి ఒక సంస్థ ఒక్కసారిగా కోటీ పది లక్షల డాలర్లు పంపింది. ఎవరి డబ్బు అని ఎఫ్‌పీపీసీ అడిగితే చెప్పేది లేదన్నారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళితే పోలింగుకు ఒక్క రోజు ముందు నోరు విప్పారు, చెప్పింది ఏమిటంటే మాకు ఇంకో సంస్థ ఇచ్చింది, దానికి మరో సంస్థ ఇచ్చింది అని. ఉల్లిపాయ వలిచినట్టు ఒక పొర కింద ఇంకో పొర. అసలు ఇచ్చిన మనుషుల పేర్లు చాలావరకు 2013లో, పది లక్షల డాలర్ల జరిమానాతో రాజీ అయ్యాకే బయటపడ్డాయి. ప్రాప్ 30 గెలిచింది, 32 ఓడింది, అది వేరే సంగతి.

హన్మకొండ వకీలు
ఇది చదువుతుంటే మన ఎలక్టోరల్ బాండ్లే గుర్తొస్తున్నాయి. మనకు ప్రాప్‌లు లేవు, పార్టీలకిచ్చే డబ్బు గొడవ అది. కానీ వాదన ఒకటే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ స్కీమును కొట్టేస్తూ ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందనే చెప్పింది. మార్చిలో మొదట కొన్నవాళ్ల జాబితా ఒకటి, తీసుకున్న పార్టీల జాబితా ఒకటి విడివిడిగా వచ్చాయి, ఎవరు ఎవరికి ఇచ్చారో కలపడానికి వీల్లేదు. బాండ్ నంబర్లు కూడా ఇవ్వాల్సిందేనని కోర్టు గట్టిగా అన్నాకే లెక్క కుదిరింది. హైదరాబాద్‌లోని మేఘా ఇంజినీరింగ్ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని దేశంలో రెండో స్థానంలో ఉందని మొదటి జాబితాతోనే తెలిసింది, ఎవరికి ఇచ్చిందో మాత్రం నంబర్లు వచ్చాకే. పేరు చెప్పడం, ఆ పేరు ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడం రెండూ కావాలి.

చాండ్లర్ మాస్టారు
పొరల సమస్యకు మా అరిజోనాలో జవాబు వెతికారు. 2022లో ప్రాప్ 211కి నూటికి 72 మంది అవునన్నారు. రాష్ట్రస్థాయి ప్రచార ప్రకటనలకు 50 వేల డాలర్లు దాటి ఖర్చు పెట్టే సంస్థ, 5 వేలకు మించి ఇచ్చిన ప్రతి ఒక్కరి విషయంలో డబ్బు మొదట సంపాదించింది ఎవరో అక్కడిదాకా వెనక్కి వెళ్లి చెప్పాలి. దాతకు ముందే నోటీసు పంపి, నా డబ్బు ప్రచారానికి వాడొద్దు అని చెప్పడానికి 21 రోజులు గడువు ఇవ్వాలి. ఈ గడువు నాకు బాగా నచ్చింది, పేరు దాచుకోవాలనుకునేవాళ్లకు ఒక దారి ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2019 నుంచి ఇలాంటిదే ఉంది, పెద్ద దాత ఒక కమిటీ అయితే దానికి ఇచ్చినవాళ్ల పేర్లు కూడా ప్రకటనలో వేయాలి. కోర్టుకు వెళ్తే 2023లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ రూలును ఆపడానికి ఒప్పుకోలేదు.

నిశ్శబ్ద పాఠకుడు
నేను కొంచెం అడ్డుపడతాను. కాలిఫోర్నియాలో వంద డాలర్లు ఇచ్చినా పేరు, ఊరు, ఉద్యోగం, పనిచేసే కంపెనీ అన్నీ ఆన్‌లైన్‌లో పడతాయి. మా ఊరి స్కూలు బాండు (బడుల కోసం అప్పు తెచ్చే ప్రతిపాదన) ప్రచారానికి చిన్న మొత్తం ఇచ్చాను, తర్వాత ఆఫీసులో ఒకాయన అది చూసి, నువ్వు ఆ వైపా అని అందరి ముందూ అడిగారు. 2008లో స్వలింగ వివాహాలను నిషేధించే ప్రాప్ 8కి ఇచ్చిన వెయ్యి డాలర్ల వల్ల మొజిల్లా సీఈఓ 2014లో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన అభిప్రాయంతో నాకు పొత్తు లేదు. కానీ మామూలు ఉద్యోగి భయంతో వెనక్కి తగ్గితే ఆ నష్టం ఎవరిది?

బోతెల్ అక్క
మీరన్నదాంట్లో న్యాయం ఉంది తమ్ముడూ. వంద డాలర్ల మనిషిని వేలెత్తి చూపడం నాకూ ఇష్టం లేదు, ఆ మెట్టు పెంచమనండి. కోటి డాలర్లు ఇచ్చేవాడికి మాత్రం ఆ జాలి వద్దు. పైగా ప్రాప్‌ల ప్రచారానికి ఎంత ఇవ్వాలి అన్న పరిమితే లేదు. కంపెనీలు ఖర్చు పెట్టొచ్చని 1978లో, కమిటీలకు ఇచ్చే మొత్తం మీద హద్దు పెట్టకూడదని 1981లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. అభ్యర్థికైతే పరిమితులు ఉంటాయి, ఇక్కడ అదీ లేదు. మన చేతిలో మిగిలింది పేరు ఒక్కటే.

కొలంబస్ రైతుబిడ్డ
పేరు లేకపోతే ఏమవుతుందో మా ఒహాయోని చూడండి. 2019లో విద్యుత్ కంపెనీకి లాభం చేసే హెచ్‌బీ 6 చట్టాన్ని ఓటుకు పెట్టాలని జనం సంతకాలు సేకరిస్తుంటే, చైనా మన కరెంటు లాక్కుంటోంది, సంతకం పెట్టొద్దు అని టీవీ నిండా ప్రకటనలు వేశారు. ఎవరు వేయిస్తున్నారో ఎవరికీ తెలియదు. సంతకాలు చాలలేదు, ఓటింగే జరగలేదు. ఆ డబ్బు ఫస్ట్‌ఎనర్జీ అనే ఆ విద్యుత్ కంపెనీదే అని తర్వాత ఎఫ్‌బీఐ కేసులో తేలింది, మొత్తం 6 కోట్ల డాలర్ల వ్యవహారం, ఒహాయో ప్రతినిధుల సభ అప్పటి స్పీకర్ హౌస్‌హోల్డర్‌కి 2023లో 20 ఏళ్ల శిక్ష పడింది.

ఇంకో మాట, ఇక్కడి మనవాళ్లకు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లు కూడా ఇలాంటి ప్రచారాలకు డబ్బు ఇవ్వకూడదని ఒహాయోలో 2024లో చట్టం చేశారు, అది కోర్టుకు కూడా ఎక్కింది. ఇచ్చేముందు కనుక్కోండి.

శాంతి_ఫ్రీమాంట్
అందరికీ థ్యాంక్స్. కొలంబస్ అన్నయ్య సంతకాల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా, ఇక్కడ కాస్ట్‌కో బయట అట్టలు పట్టుకుని సంతకం పెట్టమంటారు కదా, అప్పుడు కూడా ఇవన్నీ అడగొచ్చా?

ఓక్‌ట్రీ
అడగండి. 2019లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రస్థాయి పిటిషన్ మీదే పెద్ద దాతల పేర్లు ఉండాలి, లేదా విడిగా ఒక కాగితం ఉండాలి, సంతకానికి ముందు అది చూపించమనండి. చాలామందికి సంతకానికి ఇంత అని డబ్బు ఇస్తారు, తొందరపెడతారు, మీరు తొందరపడక్కర్లేదు. మీ ఊరి స్థాయి ప్రతిపాదనలకు (మెజర్లు అంటారు) మాత్రం రాష్ట్ర వెబ్‌సైట్లో వెతికితే దొరకకపోవచ్చు, ఆ లెక్కలు సిటీ క్లర్క్ దగ్గరో కౌంటీ ఎన్నికల ఆఫీసులోనో ఉంటాయి, ఫ్రీమాంట్‌వి అయితే సిటీ క్లర్క్‌తో మొదలుపెట్టండి.