అప్‌డేట్: దేవరకొండలో ఓరియంటీరింగ్ జరిగింది

వారాంతంలో దేవరకొండ కోట గుట్టల దగ్గర ఓరియంటీరింగ్ (మ్యాపు, దిక్సూచి సాయంతో గుర్తుపెట్టిన చోట్లను వరుసగా చేరుకునే పరుగు ఆట) పెడితే కొత్తవాళ్లు తప్పిపోతారేమోనని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఎవరూ తప్పిపోలేదు. మ్యాపులోని త్రిభుజం దగ్గర మొదలుపెట్టి, వృత్తాలు చూపే చోట్లను వరుసగా చుట్టి, జంట వృత్తం దగ్గర ముగించడం పిల్లలకు ఇట్టే పట్టుబడింది. పెద్దలే దిక్సూచి చేతిలో ఉండగా పక్క గుట్ట ఎక్కారు! మధ్యలో మానేసినా ముగింపు దగ్గర పేరు చెప్పే వెళ్లాలన్న మీ సలహా బాగా అక్కరకొచ్చింది. చీకటి పడకముందే వచ్చినవాళ్ల లెక్క సరిపోయింది.

అసలు చిక్కు వేరే. ఆ చోట్లకు గుర్తుగా పెట్టిన తెలుపు, నారింజ జెండాలు చూసి ఊరివాళ్లు భూమి సర్వే అనుకున్నారు. ఒక మేకల కాపరి జెండా పీకి, భద్రంగా తెచ్చి అప్పగించాడు. ఆయననేమనగలం? మళ్లీ పెడితే ముందే చాటింపు వేయిస్తాం. అదీ చలికాలంలోనే, ఎండల్లో ఆ బండల మీద ఎవరినీ పరుగెత్తించం.