అప్‌డేట్: ఎయిర్‌లాక్‌లో బుడగలు రాలేదు, అయినా బీర్ పులిసింది

డాలస్‌లో మా ఇంట్లో మొదటిసారి పేల్ ఏల్ (ఒక రకం బీర్) పెట్టానని, ఈస్ట్ వేశాక ఎయిర్‌లాక్‌లో (పులిసేటప్పుడు వచ్చే గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానీయకుండా బకెట్ మూతకి పెట్టేది) ఒక్క బుడగ కూడా రావట్లేదని అడిగాను కదా, తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "బుడగల్ని నమ్మొద్దు, హైడ్రోమీటర్ పెట్టి చూడండి" అన్న సలహా. హైడ్రోమీటర్ కొలిచేది గ్రావిటీని, అంటే నీటితో పోలిస్తే బీర్ సాంద్రత ఎంతో; చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ అది తగ్గుతుంది. మొదట్లో 1.050 ఉన్న గ్రావిటీ 1.012కి దిగింది. కొన్ని రోజులాగి చూసినా అదే. అంటే పులియడం పూర్తయింది, ఆల్కహాల్ దాదాపు 5 శాతం. బకెట్ లోపల గోడల చుట్టూ ఎండిన నురగ గోధుమరంగు చారలా అంటుకుని ఉంది, అదీ పులిసిందనడానికి గుర్తే. హోమ్‌బ్రూ (ఇంట్లో బీర్ చేసుకునే సామాన్ల) షాపాయన మూత తిప్పి చూసి, ఎయిర్‌లాక్ దూర్చే చోట రబ్బరు వాషర్ వదులుగా ఉందని, గ్యాసంతా అటే పోయిందని చెప్పారు.

ఈస్ట్ చచ్చిందేమో, గది చల్లగా ఉందేమో అన్నవి కారణాలు కావు. ఇదే టెన్షన్‌తో వచ్చినవాళ్లు ముందు గ్రావిటీ చూడండి. అది నిలకడగా ఉంటేనే సీసాల్లో పట్టండి, లేదంటే ఒత్తిడికి సీసాలు పగలొచ్చు.